వ్రేలికి బదులు కొయ్యముక్క – చక్రపు రంపపు చరిత్ర

వడ్రంగి పనిముట్లలో రంపము మిక్కిలి పురాతనమైనది. సుమారు 3,500 ఏండ్ల క్రిందటి ఈజిప్టు సమాధి చిత్రములలో, నిలువు గుంజకు కట్టిన కొయ్యను రంపముతో కోయుచున్న పనివాడు మనకు కనిపించును. ఆనాటి నుండి పదునెనిమిదవ శతాబ్దము వరకు రంపము రూపు కొంత మారినను దాని నడక మాత్రము మారలేదు. ముందునకు పోవుట, వెనుకకు వచ్చుట, అంతే. చాలచోట్ల మనుష్యుని భుజబలమే దానికి శక్తి, అతని అలసటయే దానికి విశ్రాంతి. ఆ తరువాత రంపము గుండ్రనిదై, నీటి బలముతోను, ఆవిరితోను, పిమ్మట విద్యుత్తుతోను తిరుగ నారంభించినది. పని వేగము పెరిగినది. దానితోబాటు వ్రేళ్ళు తెగుటయు పెరిగినది. ఆ వ్రేళ్ళను కాపాడుటకు మానవుడు కనుగొన్న ఉపాయములలో అన్నిటికంటె చౌకయైనది, అన్నిటికంటె సులభమైనది ఒక కొయ్యముక్క. దానిని తోపుడు దిమ్మె అనవచ్చును. ఈ చిన్న వస్తువు చరిత్రను తెలిసికొనుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

చేతి రంపము నాటి పల్లె

నారాయణఖేడ్ తెలుగు, కన్నడ, మరాఠీ భాషలు కలిసికొను సరిహద్దు సీమలోనిది. 1956 నవంబరు 1కి పూర్వము ఇది హైదరాబాదు రాష్ట్రములోని బీదరు జిల్లాలో ఒక తాలూకా. రాష్ట్రముల పునర్విభజనలో ఆంధ్రప్రదేశ్‌లో కలిసి మెదకు జిల్లాకు వచ్చినది. 2016 అక్టోబరు 11న సంగారెడ్డి జిల్లా ఏర్పడగా అందులో చేరినది. ఇటువంటి మెట్ట సేద్యపు సీమలో వడ్రంగి లేనిదే వ్యవసాయము లేదు. నాగలి, గుంటక, గొర్రు, కాడి, బండిచక్రము, ఇంటి దర్వాజా, ఊయల, చివరకు పాడె కట్టుటకు కావలసిన కర్ర కూడ అతని చేతి మీదుగనే రావలెను. పంట కళ్ళమునకు వచ్చినపుడు రైతు కొలిచి యిచ్చు మేరయే అతని కూలి.

అతని సంచిలో బాడిస, ఉలి, సుత్తి, బరమా, మూలమట్టము, తెలంగాణమున రందా అని పిలుచు చిత్రిక, ఒకటి రెండు రంపములు ఉండును. పెద్ద దూలమును పలకలుగా చీల్చవలసినపుడు ఇద్దరు మనుష్యులు కావలెను. దూలమును ఎత్తుగా నిలిపి, ఒకడు దానిపై నిలిచి, మరియొకడు క్రింద నిలిచి, పొడవైన రంపమును పైకి క్రిందకు లాగుదురు. క్రిందివాని కంటిలో రంపపు పొట్టు పడును. పైవాని నడుము నొచ్చును. ఒక దూలము కోయుటకు పూట పట్టును. అయినను ఈ పనిలో ఒక గొప్ప మేలు కలదు. రంపపు పన్ను సెకనుకు ఒక మీటరు మించి కదలదు. చేయి జారినచో లాగుట ఆపిన చాలును, రంపము ఆగిపోవును. గాయమైనను చర్మము గీచుకొని పోవునే గాని వ్రేలు ఊడిపడుట అరుదు. పనిముట్టు వేగమును మనుష్యుని వేగమును ఒక్కటే కావుననే ఈ రక్షణ కలిగినది.

రంపము గుండ్రనిదైన విధము

గుండ్రటి రంపమును మొట్టమొదట ఎవరు చేసిరను ప్రశ్నకు ఒక్క పేరుతో సమాధానము చెప్పుట కష్టము. 1777లో ఇంగ్లండులోని సౌతాంప్టన్‌కు చెందిన శామ్యూల్ మిల్లర్ అను నతడు గాలిమరతో నడచు కోత యంత్రమునకు పేటెంటు పొందెను. అందులో గుండ్రటి రంపము ప్రస్తావన కలదు. అయితే దానిని అతడు క్రొత్త వింతగా గాక, తెలిసిన వస్తువును గూర్చి చెప్పినట్లుగనే చెప్పెను. కావున అంతకు ముందే అట్టి రంపములు ఎచ్చటనో వాడుకలో ఉండెనని ఊహింపవచ్చును. అమెరికాలో షేకరు మతశాఖకు చెందిన టబితా బాబిట్ అను స్త్రీ 1813 ప్రాంతమున, ఇద్దరు మనుష్యులు రంపము లాగునపుడు సగము శ్రమ వ్యర్థమగుట చూచి, నూలు వడుకు రాట్నపు చక్రమును తలచుకొని గుండ్రటి రంపమును చేసెనని ఒక కథ ప్రచారములో కలదు. ఈ కథను చరిత్రకారులందరు అంగీకరింపరు. కాని కథలోని తర్కము చక్కనిది. చేతి రంపము సాధారణముగా ఒక వైపునకు పోవునపుడు మాత్రమే కోయును, తిరిగి వచ్చునది వట్టి రాకయే. చక్రమునకు వెనుకకు వచ్చుట లేదు. దాని ప్రతి పన్నును ఎల్లవేళల కోయుటకు సిద్ధముగనే యుండును.

ఈ యంత్రమునకు పెద్ద పని కల్పించినది బ్రిటిషు నౌకాదళము. ఓడ తెరచాపల త్రాళ్ళు లాగుటకు కొయ్య కప్పీలు వేలకొలది కావలసి యుండెను. శామ్యూల్ బెంథామ్ కొయ్యపని యంత్రములను గూర్చి 1793లో విపులమైన పేటెంటు పొంది, తరువాత నౌకాదళపు పనుల పర్యవేక్షకుడయ్యెను. అతని ప్రోత్సాహముతో మార్క్ బ్రూనెల్ రూపొందించిన యంత్రములను పోర్ట్స్‌మత్ రేవులో నెలకొల్పిరి. 1808 నాటికి ఆ కార్ఖానా ఏడాదికి 1,30,000 కప్పీలను తయారుచేయుచుండెను. పూర్వము 110 మంది చేసిన పనిని 10 మంది చేయగలిగిరని చెప్పుదురు. యంత్రములతో ఒకే వస్తువును పెద్ద యెత్తున తయారుచేయుటకు ఇది తొలి ఉదాహరణములలో ఒకటి. పెరిగిన కప్పీల లెక్క చరిత్ర గ్రంథములలో కలదు. తెగిన వ్రేళ్ళ లెక్కకు మాత్రము ఆ గ్రంథములలో చోటు దొరకలేదు.

ఎదురుతన్ను

చక్రపు రంపము ఏల అంత అపాయకరమో తెలియవలెనన్న కొంచెము లెక్క చేయవలెను. 30 సెంటీమీటర్ల వ్యాసము గల రంపము నిమిషమునకు 3,000 చుట్లు తిరుగుచున్నదనుకొనుడు. దాని చుట్టుకొలత సుమారు 94 సెంటీమీటర్లు. సెకనుకు 50 చుట్లు. కావున రంపపు పన్ను సెకనుకు 47 మీటర్లు, అనగా గంటకు సుమారు 170 కిలోమీటర్ల వేగముతో పరుగెత్తుచున్నది. కన్ను చూచి, మెదడు గ్రహించి, చేయి వెనుకకు తీయుటకు మనకు సుమారు సెకనులో అయిదవ వంతు పట్టును. ఆ వ్యవధిలో రంపము 10 చుట్లు తిరుగును. రంపమునకు 40 పండ్లున్నచో 400 పండ్లు అదే చోట కోసి పోవును. నొప్పి తెలియకముందే పని ముగియును. “నేను జాగ్రత్తగా ఉందును, చేయి తగిలిన వెంటనే తీసికొందును” అను మాట ఈ లెక్క ముందు నిలువదు.

ఇది యొక ప్రమాదము. ఇంతకంటె మోసకరమైనది మరియొకటి కలదు. బల్లపై బిగించిన రంపమునకు మనవైపు నున్న పండ్లు క్రిందికి దిగుచు కొయ్యను బల్లకు అదిమి కోయును. వెనుకవైపు పండ్లు పైకి లేచుచుండును. కొయ్య సవ్యముగా పోవునంత వరకు వెనుక పండ్లతో దానికి పని లేదు. కాని సరిగా ఎండని కొయ్యలోను, వంకర పెరిగిన కొయ్యలోను లోపల బిగువు దాగి యుండును. కోతపడగానే రెండు చీలికలును దగ్గరకు ముడుచుకొని రంపమును నొక్కిపట్టును. లేదా కొయ్య ప్రక్క పట్టీని విడిచి కొంచెము మెలిక తిరుగును. అప్పుడు వెనుక పండ్లు కొయ్యను పట్టి పైకెత్తి, రంపపు శిఖరము మీదుగా పనివాని వైపునకు విసరును. దీనినే ఎదురుతన్ను అనవచ్చును. దూడను పట్టబోయిన వానిని ఆవు తన్నినట్లు ఉండును. ఆ కొయ్య రొమ్మునకో కడుపునకో తగులవచ్చును. అంతకంటె ఘోరమేమనగా, అంతవరకు ముందునకు తోయుచున్న చేతికి ఎదుట ఆధారము హఠాత్తుగా మాయమగును. తోపు ఊపులో చేయి తిన్నగా రంపము మీదికే పోవును.

చట్టములోనికి వచ్చిన కర్ర

ఇంగ్లండులో యంత్రములకు కంచె వేయవలెనను నియమము 1844 ఫ్యాక్టరీ చట్టముతో వచ్చినది. కాని అది బట్టల మిల్లులకు మాత్రమే. కొయ్యపని యంత్రములను గూర్చి ప్రత్యేక నిబంధనలు రావలెనన్న 1922 వరకు ఆగవలసి వచ్చినది. మిల్లరు పేటెంటు నాటి నుండి లెక్కించిన 145 ఏండ్లు. ఆ నిబంధనలలో మూడు ముఖ్యాంశములు కలవు. మొదటిది, రంపము వెనుక దానికి సరిగా వరుసలో ఒక ఉక్కు రేకు నిలిచి, కోతను ముడుచుకొననీయక విడదీసి యుంచవలెను. రెండవది, రంపము పైన గట్టి కప్పు ఉండవలెను. మూడవది, చేతితో కొయ్యను అందించు ప్రతి చక్రపు రంపము చెంత తగిన తోపుడు కర్ర సిద్ధముగా ఉండవలెను. ఒక కొయ్యముక్కకు చట్టములో స్థానము దొరికినది.

మన దేశమున మొదటి ఫ్యాక్టరీ చట్టము 1881లో వచ్చినది. అది 100 మంది పనిచేయు కార్ఖానాలకే వర్తించినది. బ్రిటిషు ఇండియాకు గాని నిజాము రాజ్యమునకు ఆ చట్టముతో సంబంధము లేదు. కావున నాటి నారాయణఖేడ్ దాని వెలుపలనే యుండెను. స్వాతంత్ర్యానంతరము వచ్చిన 1948 ఫ్యాక్టరీల చట్టము 1949 ఏప్రిలు 1 నుండి అమలయ్యెను. హైదరాబాదు సంస్థానము భారత యూనియనులో కలిసిన తరువాత ఈ సీమకును కేంద్ర శాసనములు వచ్చినవి. ఆంధ్రప్రదేశ్‌లో అమలైన 1950 నాటి ఫ్యాక్టరీల నియమములలో కొయ్యపని యంత్రములకు ఒక అనుబంధము కలదు. రంపము వెనుక రేకు, పైన కప్పు, బల్ల క్రింద ఇరుప్రక్కల లోహపు పలకలు, వీటితోబాటు ప్రతి చక్రపు రంపమునకు తోపుడు కర్ర గాని తగిన మరియొక సాధనము గాని ఉండవలెనని అందు చెప్పబడినది. 1922 నాటి ఆంగ్ల నిబంధనల పోలిక ఇందులో స్పష్టముగా కనిపించును.

చట్టము మరియొక వైపు నుండి కూడ వ్రేళ్ళను లెక్కించినది. 1923లో వచ్చిన కార్మికుల నష్టపరిహారపు చట్టమునకు ఒక పట్టిక జతచేయబడినది. సవరణల తరువాత ఆ పట్టికలో బొటనవ్రేలు పోయిన సంపాదన శక్తిలో 30 శాతము నష్టమనియు, చూపుడువ్రేలు మొత్తము పోయిన 14 శాతమనియు, నడిమివ్రేలు 12 శాతమనియు, ఉంగరపువ్రేలు గాని చిటికెనవ్రేలు గాని 7 శాతమనియు నిర్ణయించిరి. ఈ పట్టిక అవసరమైనదే. అది లేనిచో గాయపడినవానికి ఆ మాత్రము డబ్బు కూడ రాదు. కాని ఒక మాట ఆలోచింపవలెను. ఉలిని చూపుడువ్రేలితో నడిపి జీవించు వడ్రంగికి ఆ వ్రేలు నూటికి పదునాలుగు వంతులేనా?

చట్టమునకు వెలుపలి బల్ల

1948 చట్టము విద్యుత్తు వంటి శక్తితో నడచు చోట 10 మంది గాని అంతకెక్కువ గాని పనిచేసిననే వర్తించెను. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్యము, పని పరిస్థితుల స్మృతి ఈ సంఖ్యను 20కి పెంచినది. కాని మన చిన్న పట్టణములలోని వడ్రంగి దుకాణములలో ఎందరుందురు? యజమాని, అతని కుమారుడో తమ్ముడో, ఒకరిద్దరు కూలీలు. ఒకప్పుడు మేర పుచ్చుకొని నాగళ్ళు చేసిన కుటుంబములే ట్రాక్టరు వచ్చి నాగలి పోయిన తరువాత దర్వాజాలకు, కిటికీలకు, మంచములకు మరలినవి. విద్యుత్తు వచ్చిన పిమ్మట ఇద్దరు లాగు రంపము అటక ఎక్కినది. దాని స్థానమున ఒక ఇనుప బల్ల, ఒక మోటారు, ఒక పట్టా, ఒక గుండ్రటి రంపము వచ్చినవి. కొన్ని చోట్ల చేతితో పట్టుకొని కోయు చిన్న యంత్రమునే చెక్కబల్ల క్రింద తలక్రిందులుగా బిగింతురు. ఇట్టి బల్లలకు తరచుగా పైకప్పు ఉండదు, వెనుక రేకును ఉండదు. ఉన్నను సన్నని పట్టీలు కోయునపుడు అడ్డము వచ్చుచున్నదని ఊడదీసి ప్రక్కన పెట్టుదురు.

ఇచ్చటికి తనిఖీ అధికారి రాడు. వచ్చినను ఈ దుకాణము అతని పుస్తకములో ఫ్యాక్టరీ కాదు. ఇట్టి చోటనే తోపుడు దిమ్మె విలువ తెలియును. కప్పు కొనవలెను, రేకు అమర్చవలెను. దిమ్మెకు మాత్రము డబ్బు అక్కరలేదు, అనుమతి అక్కరలేదు. రంపము ప్రక్కన పడియున్న తునకలలోనే అది కలదు. దానిని చేయగలవాడు ఆ బల్ల యొద్దనే నిలిచి యున్నాడు.

కర్రకును దిమ్మెకును భేదము

తోపుడు కర్ర సుమారు 45 సెంటీమీటర్ల పొడవుండి, చివర పక్షి ముక్కు తెరచినట్లు ఒక గాటు కలిగి యుండును. ఆ గాటును కొయ్య వెనుక అంచునకు తగిలించి త్రోయుదురు. బ్రిటిషు భద్రతాధికారుల సూచన ప్రకారము 30 సెంటీమీటర్ల కంటె పొట్టి కోతలకును, పొడవు కోతలలో చివరి 30 సెంటీమీటర్లకును కర్రను వాడవలెను. ఇది చేతిని దూరముగా ఉంచును. కాని కర్ర కొయ్యను ఒక్క బిందువు వద్ద, వెనుక నుండి మాత్రమే త్రోయును. వెనుక పండ్లు కొయ్యను పైకెత్తబోయినచో ఆపలేదు.

ఈ లోపమును తీర్చునది దిమ్మె. దాని రూపము ఇస్త్రీపెట్టెను పోలి యుండును. చదునైన అడుగు కొయ్య మీద పరచుకొని కూర్చుండును. వెనుక కొసన ఒక చిన్న మడమ క్రిందికి దిగి కొయ్య అంచును పట్టును. పైన పిడి యుండును. కావున పిడి పట్టి త్రోసినచో కొయ్య ముందునకు పోవుటయే గాక బల్లకు అదిమియుండును. ఎదురుతన్నుకు మొదటి అడుగు కొయ్య పైకి లేచుటయే. ఆ లేచుటను దిమ్మె అరికట్టును. రందా మిషను మీద పలకను చదును చేయునపుడును ఇట్టి దిమ్మెలే చేతులను కత్తుల నుండి దూరముగా ఉంచును.

దీనిని చేయుట అరగంట పని. సుమారు 30 సెంటీమీటర్ల పొడవు గల మెత్తని కొయ్యనో ప్లైవుడ్డునో తీసికొనవలెను. మడమ దిగుడు కోయబోవు కొయ్య మందము కంటె తక్కువ యుండవలెను. లేనిచో అది బల్లకు తగిలి ఆగును. పిడి ఎత్తుగా ఉండవలెను, అప్పుడే వ్రేళ్ళు రంపపు శిఖరమునకు పైగా ఉండును. మేకులు, మరలు రంపము నడచు దారిలో ఉండరాదు. ఇనుముతో దిమ్మె చేయరాదు, రంపము తగిలిన పండ్లు విరిగి ఎగురును. కొయ్యదైనచో రంపము దానిని కోసికొని పోవును. దిమ్మెకు గాటు పడుటలో నష్టము లేదు. వ్రేలికి పడవలసిన గాటును తన మీద వేసికొనుటయే దాని ధర్మము. గాట్లు ఎక్కువైనపుడు మరియొకటి చేసికొనవచ్చును.

దిమ్మె ఒక్కటియే చాలునని అనుకొనరాదు. రంపమునకు నేరుగా ఎదుట గాక ప్రక్కకు నిలువవలెను. పండ్లు కొయ్యపైకి కొంచెమే కనిపించునట్లు రంపపు ఎత్తు సరిచేసికొనవలెను. రంపము తిరుగుచుండగా తునకలను చేతితో తీయరాదు. చేతిజోళ్ళు, వ్రేలాడు కండువా పనికిరావు, పన్ను వాటిని పట్టి చేతినే లాగును. కొయ్యను రంపము దాటునంత వరకు త్రోయవలెను గాని నడుమ విడువరాదు.

క్రొత్త ఉపాయములు, పాత కొయ్య

యంత్ర నిర్మాతలును ఊరకుండలేదు. 1906లో బెర్లినులో విల్‌హెల్మ్ ఆల్టెన్‌డార్ఫ్ జారుడు బల్ల గల రంపమును రూపొందించెను. అందులో కొయ్యను బల్లయే మోసికొనిపోవును, చేయి రంపము దరికి పోనక్కరలేదు. 1999లో అమెరికాలో భౌతిక శాస్త్రవేత్తయు న్యాయవాదియు నగు స్టీవ్ గాస్ మరియొక మార్గము కనిపెట్టెను. రంపమునకు స్వల్పమైన విద్యుత్ సంకేతము నిచ్చి, మనుష్య శరీరము తగిలిన వెంటనే ఆ సంకేతములో కలుగు మార్పును గుర్తించి, ఒక అల్యూమినియపు దిమ్మెను పండ్లలోనికి దూర్చి రంపమును సెకనులో 200వ వంతులో ఆపివేయు యంత్రమది. 2004 నుండి అట్టి రంపములు అంగడికి వచ్చినవి. ఆ వ్యవధిలో మన లెక్కలోని రంపము పావు చుట్టు మాత్రమే తిరుగును. వ్రేలు తెగుటకు మారుగా చర్మము గీచుకొనును. ఒక్కసారి ఆగిన తరువాత రంపపు బిళ్ళయు ఆపుదిమ్మెయు రెండును మార్చవలెను. అట్టి యంత్రమును కొను శక్తి నలుగురు పనిచేయు దుకాణమునకు సులభముగా కలుగదు. ఆ యంత్రముండిన చోటను తోపుడు దిమ్మెను వాడుమనియే నిపుణులు చెప్పుదురు.

ఈ చరిత్రలో ఒక విచిత్రము కలదు. గుండ్రటి రంపమును చేయుటకు లోహశాస్త్రము కావలసి వచ్చినది, దానిని తిప్పుటకు ఆవిరియంత్రమును విద్యుత్తును కావలసి వచ్చినవి. దాని నుండి చేతిని కాపాడుటకు ఒక కొయ్యముక్క చాలును. అయినను ఆ కొయ్యముక్క ప్రతి రంపము చెంత ఉండవలెనని చట్టము చెప్పుటకు నూటయేబది ఏండ్లు పట్టినది. కారణము దురవగాహము కాదు. రంపము యజమాని సొత్తు, దాని పని వేగము లాభములో కనిపించును. వ్రేలు కూలివాని సొత్తు, దాని నష్టము అతని ఇంటిలో మాత్రమే కనిపించును. చిన్న దుకాణములో యజమానియు కూలివాడును ఒక్కడే అయినపుడు కూడ ఆ పాత అలవాటు పోలేదు. “ఇన్నాళ్ళు ఏమీ కాలేదు గదా” అను మాట ఆ అలవాటు బిడ్డయే.

దసరాకు మన వడ్రంగులు రంపమును, ఉలిని, బాడిసను కడిగి, పసుపు కుంకుమలు పెట్టి పూజింతురు. అన్నము పెట్టు పనిముట్టును గౌరవించుట మంచి ఆచారము. ఆ నాడు రంపపు బల్ల యొద్ద ఒక క్రొత్త తోపుడు దిమ్మెను కూడ చేసి పెట్టుకొని, పాతదాని గాట్లను ఒకసారి లెక్కించుట మరియొక మంచి ఆచారము కాగలదు. ఆ గాట్లలో కొన్ని, దిమ్మె లేకున్నచో, చేతి మీద పడవలసినవి.